ఊళ్లో ఉంటానంటే... అప్పు మేం కడతాం!

చదువు పూర్తయ్యేసరికి నెత్తిన కొండంత అప్పు. అది తీరాలంటే పెద్ద ఊరు, పెద్ద ఆస్పత్రి, పెద్ద జీతం కావాలి. మరి చిన్న ఊళ్లో జబ్బు చేస్తే చూసేదెవరు? ఈ ప్రశ్నకు అమెరికా ఓ జవాబు వెతుక్కుంది. 'మా ఊరికి రండి... కొన్నేళ్లు ఉండండి... మీ అప్పు మేం తీరుస్తాం' అంటోంది!

'మా అమ్మాయి అమెరికాలో డాక్టరండీ' అని పక్కింటాయన అనగానే మనకు ఏ న్యూయార్కో, షికాగోనో కళ్లముందు మెదులుతుంది. ఏ ఊరని అడిగితే ఆయనో పేరు చెబుతాడు. మనమెప్పుడూ వినని పేరు. ఒక పెట్రోలు బంకు, ఒక సూపర్‌మార్కెట్, రెండు చర్చిలు, చుట్టూ కనుచూపుమేరా మొక్కజొన్న చేలు. విమానమెక్కాలంటే మూడు గంటలు కారు నడపాలి. ఇడ్లీకి మినప్పప్పు కావాలన్నా అంతే దూరం. 'అంత చదువు చదివి అక్కడెందుకమ్మా?' అని మనసులో అనుకుంటాం... పైకి అనం.

ఎందుకంటే- వీసా. ఇక్కడ ఎంబీబీఎస్ చేసి అక్కడ రెసిడెన్సీకి వెళ్లే మనవాళ్లలో చాలామంది జె-1 వీసా మీద వెళ్తారు. శిక్షణ అయిపోగానే రెండేళ్లు సొంత దేశానికి తిరిగి వెళ్లాలన్నది ఆ వీసా షరతు. దాన్నుంచి మినహాయింపు కావాలంటే వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో 1994లో వచ్చిన ఏర్పాటిది. మొదట్లో ఏటా రాష్ట్రానికి 20 మంది చొప్పున ఇచ్చేవారు, 2002లో 30కి పెంచారు. అందుకే దాని పేరు 'కాన్రాడ్-30'. అమెరికాలో మారుమూల పట్టణాల ఆస్పత్రుల్లో తెలుగు పేర్లు కనిపించడం వెనక ఉన్న రహస్యాల్లో ఇదొకటి.

అదంతా మనకు కొంతవరకూ తెలిసిన కథే. తెలియని కథ పక్కగదిలో ఉంది. ఆ ఆస్పత్రిలోనే, ఆ కారిడార్లోనే అమెరికాలో పుట్టి పెరిగిన మరో డాక్టరు ఉంటాడు. అతనికి వీసా గొడవ లేదు. ఎక్కడికైనా పోగలడు. అయినా ఆ ఊరు వదలడు. మనమ్మాయి గోడమీద క్యాలెండర్లో మూడేళ్లు లెక్కపెట్టుకున్నట్టే అతనూ రెండేళ్లో, మూడేళ్లో లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. అతన్ని అక్కడ కట్టిపడేసింది- చదువు అప్పు!

కోటీ డెబ్బై లక్షలు...

అమెరికాలో ఇంటర్ కాగానే మెడిసిన్లో చేరడం కుదరదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ. తర్వాత నాలుగేళ్ల మెడికల్ స్కూలు. ఆపైన మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ. డిగ్రీకీ అప్పే, మెడిసిన్‌కీ అప్పే. అప్పు చేసి వైద్యవిద్య పూర్తిచేసినవాళ్ల సగటు బాకీ సుమారు 2 లక్షల డాలర్లు. మన లెక్కలో కోటీ డెబ్బై లక్షలకు పైమాటే. అమ్మానాన్నలు ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు కాదిది. పిల్లలు తమ పేరు మీద, ఎక్కువమంది కేంద్ర ప్రభుత్వం నుంచే తీసుకునే రుణం. 2024-25లో పీజీ, వృత్తివిద్యా విద్యార్థులకిచ్చిన ఫెడరల్ రుణాలపై వడ్డీ 8.08 శాతం. అంటే 2 లక్షల అప్పుకి ఏడాదికి వడ్డీయే 16 వేల డాలర్లు. రెసిడెన్సీలో వచ్చేది ఏడాదికి 60-70 వేల డాలర్లు. అందులో ఇంటద్దె, తిండి, పన్నులు పోగా అసలు సంగతి అటుంచండి, వడ్డీ కట్టడమే కష్టం.

అలాంటప్పుడు రెసిడెన్సీ పూర్తిచేసిన ముప్ఫై ఏళ్ల కుర్రాడు ఏం ఆలోచిస్తాడు? ఎముకల డాక్టరు సంపాదన ఫ్యామిలీ డాక్టరు సంపాదనకు దాదాపు రెట్టింపు. నగరంలో ఆస్పత్రులు పిలిచి ఉద్యోగమిస్తాయి. దగ్గూ జ్వరం, బీపీ, షుగరు చూసే ఫ్యామిలీ డాక్టరుగా... అదీ బీమా లేని పేదలు ఎక్కువగా వచ్చే పల్లె క్లినిక్‌కి వెళ్లమంటే వెళ్తాడా? అతన్ని తప్పుబట్టి లాభం లేదు. లెక్కే అలా ఉంది.

ఆ లెక్క ఫలితం అమెరికా పటం మీద కనబడుతుంది. మూడున్నర వేల మందికి ఒక్క డాక్టరైనా లేని ప్రాంతాన్ని అక్కడి ప్రభుత్వం 'వైద్యుల కొరత ప్రాంతం'గా గుర్తిస్తుంది. పళ్ల డాక్టరైతే 5 వేల మందికి ఒకరు, మానసిక వైద్యుడైతే 30 వేల మందికి ఒకరు అన్నది కొలత. ప్రాథమిక వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో 7 కోట్లమందికి పైగా ఉన్నారు. మానసిక వైద్యుల కొరతైతే 12 కోట్లమందికి పైగా! చంద్రుడి మీదికి మనిషిని పంపిన దేశంలో కాన్పుకోసం గంటలకొద్దీ ప్రయాణం చేసే ఆడవాళ్లున్నారంటే మనకు నమ్మబుద్ధి కాదు. కానీ నిజం.

ఓ పిల్లల డాక్టరు... ఓ కుర్రాడు

ఈ సమస్య ఇవాళ్టిది కాదు. 1960ల చివర్లోనే పల్లెల్లో పాత డాక్టర్లు ముసలివాళ్లై తప్పుకుంటుంటే కొత్తవాళ్లు రావడం మానేశారు. సియాటిల్‌లో ఏబ్ బెర్గ్‌మన్ అనే పిల్లల డాక్టరుకి ఓ ఆలోచన వచ్చింది. అప్పట్లో వియత్నాం యుద్ధం. డాక్టర్లకీ నిర్బంధ సైనిక సేవ తప్పేది కాదు. సైన్యానికి బదులు ప్రభుత్వ ప్రజారోగ్య విభాగంలో రెండేళ్లు చేసినా చెల్లేది. 'అలాంటివాళ్లని వైద్యుడు లేని ఊళ్లకు పంపిస్తే?' అన్నాడాయన.

వాషింగ్టన్ రాష్ట్ర సెనేటర్ వారెన్ మాగ్నసన్ దాన్ని భుజానికెత్తుకున్నారు. బిల్లును ముందుకు నడిపించే పని ఆయన దగ్గర పనిచేస్తున్న ఎరిక్ రెడ్‌మన్ మీద పడింది. ఇరవై దాటి కొద్దికాలమే అయిన కుర్రాడు. ఎన్నో అడ్డంకులు దాటి బిల్లు సభలో గట్టెక్కితే, అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేస్తారో లేదో అన్న ఉత్కంఠ చివరిదాకా వదల్లేదు. ఆఖరికి 1970 డిసెంబరు 31న సంతకం పడింది. అలా పుట్టింది 'నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్'. ఆ అనుభవాన్నంతా రెడ్‌మన్ 1973లో 'ది డాన్స్ ఆఫ్ లెజిస్లేషన్' పేరుతో పుస్తకంగా రాశాడు. ఓ చట్టం ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనుకునే విద్యార్థులకు దశాబ్దాలపాటు అది పాఠ్యపుస్తకమైంది.

అయితే, 1973లో నిర్బంధ సైనిక భర్తీ ఆగిపోయింది. సైన్యం భయం లేకపోతే పల్లెకు వచ్చేదెవరు? ముందే ఊహించిన ప్రభుత్వం 1972లోనే స్కాలర్‌షిప్ పెట్టింది. 'నీ ఫీజు మేం కడతాం... చదువయ్యాక మేం చెప్పిన చోట పనిచెయ్యి' అని. ఆ తర్వాత 1987లో వచ్చింది అసలు మలుపు. చదువుకు ముందు కాదు, చదువయ్యాకే మాట్లాడుకుందామన్నారు. ఎక్కడ పనిచేస్తావో నువ్వే చూసుకో, ఆ చోటు కొరత జాబితాలో ఉంటే నీ అప్పు మేం తీరుస్తాం అన్నారు. అదే ఏడాది రాష్ట్రాలకూ సొంతంగా ఇలాంటి పథకాలు నడుపుకోవడానికి కేంద్రం డబ్బివ్వడం మొదలుపెట్టింది. షరతు ఒక్కటే- కేంద్రం డాలరిస్తే రాష్ట్రం మరో డాలరు వేయాలి.

(ఆ రోజుల్లో ఇలాంటి స్కాలర్‌షిప్ వైద్యుడి మీద ఓ టీవీ సీరియల్ కూడా వచ్చింది. 1990 నుంచి 1995 దాకా నడిచిన 'నార్తరన్ ఎక్స్‌పోజర్'. ఫీజు కట్టినందుకు బదులుగా అలాస్కాలోని మారుమూల ఊళ్లో చిక్కుకుపోయిన న్యూయార్క్ డాక్టరు కథ. ఎప్పుడెప్పుడు పారిపోదామా అన్నదే అతగాడి ధ్యాస!)

ఇలా తీరుస్తారు

జాతీయ పథకం సంగతే చూద్దాం. ముందు గుర్తింపు పొందిన క్లినిక్‌లో ఉద్యోగం సంపాదించుకోవాలి. ఆ క్లినిక్ డబ్బు లేదని ఏ రోగినీ వెనక్కి పంపకూడదు. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించాలి. అక్కడ రెండేళ్లు ఫుల్‌టైమ్ పనిచేస్తే 50 వేల డాలర్ల వరకూ అప్పు తీర్చేవారు. ప్రాథమిక వైద్యం చేసే డాక్టర్లు, నర్స్ ప్రాక్టీషనర్లు తదితరులకు 2024లో దాన్ని 75 వేలకు పెంచారు. ఇంకా అప్పు మిగిలితే ఏడాదేడాదికీ ఒప్పందం పొడిగించుకోవచ్చు. ఈ డబ్బు మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. కొరత ఎంత తీవ్రంగా ఉంటే ఆ ఊరికి అన్ని మార్కులు. ఎక్కువ మార్కులున్న ఊళ్ల దరఖాస్తులు ముందు చూస్తారు.

డాక్టర్లకే అనుకునేరు. పళ్ల డాక్టర్లు, మంత్రసానితనం చదివిన నర్సులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు... అందరూ అర్హులే. నర్సులకైతే విడిగా మరో పథకం కూడా ఉంది. రెండేళ్లు పనిచేస్తే నర్సింగ్ చదువు అప్పులో 60 శాతం, మూడో ఏడాదీ ఉంటే ఇంకో 25 శాతం తీరుస్తారు. మొత్తమ్మీద ఈ 'కోర్'లో పనిచేస్తున్నవాళ్ల సంఖ్య 2022లో 20 వేలు దాటింది. కొవిడ్ తర్వాత 2021లో అమెరికా ప్రభుత్వం ఒక్కసారిగా 80 కోట్ల డాలర్లు కేటాయించడంతో వచ్చిన ఊపు అది.

మధ్యలో మానేస్తానంటే? అక్కడే ఉంది మెలిక. మిగిలిన ఒక్కో నెలకూ 7,500 డాలర్ల జరిమానా. ఆ నెలల కోసం ఇచ్చిన డబ్బు వాపసు. పైన వడ్డీ. 75 వేలు తీసుకున్న డాక్టరు పది నెలల ముందే వెళ్లిపోయాడనుకోండి. జరిమానా 75 వేలు, వాపసు 31 వేల పైచిలుకు. తీసుకున్నదానికంటే కట్టేదే ఎక్కువ! ఒక క్లినిక్‌లో పడకపోతే అనుమతి తీసుకుని గుర్తింపున్న మరో క్లినిక్‌కి మారొచ్చు, అంతే. జీతం పెంచమనో, డ్యూటీలు తగ్గించమనో గట్టిగా అడగడానికి అప్పు డాక్టరు జంకుతాడు. వీసా డాక్టరు అసలే అడగలేడు. ఆ విషయంలో ఇద్దరిదీ ఒకే పరిస్థితి.

మరో ముచ్చట. ఈ జాతీయ పథకం అమెరికా పౌరులకే. కాబట్టి ఇక్కణ్నుంచి వెళ్లిన మన డాక్టర్లకు పనికిరాదు. కానీ అక్కడ పుట్టి, అక్కడ మెడిసిన్ చదువుతున్న మనవలకూ మనవరాళ్లకూ పనికొస్తుంది.

పొగాకు పన్నుతో...

రాష్ట్రాలది మరో దారి. ఒక్కో రాష్ట్రం ఒక్కో రకం. టెక్సాస్ సంగతి తమాషాగా ఉంటుంది. మన ఖైనీ, గుట్కాల్లాగా అక్కడ నోట్లో వేసుకునే పొగాకు వాడకం ఎక్కువ. 2009లో దానిమీద పన్ను వేసే పద్ధతి మార్చారు. అదనంగా వచ్చే సొమ్ములో కొంత డాక్టర్ల అప్పులకు మళ్లించారు. నాలుగేళ్లు కొరత ప్రాంతంలో ఉంటే మొత్తం లక్షా 60 వేల డాలర్లు. తర్వాత దాన్ని లక్షా 80 వేలు చేశారు. అదీ సమానంగా ఇవ్వరు. మొదటి ఏడాది 30 వేలు, తర్వాత 40, ఆ తర్వాత 50, నాలుగో ఏడాది 60 వేలు. ఉండేకొద్దీ పెరుగుతుంది. మూడో ఏడాది చివర పెట్టె సర్దుకుందామనుకున్న డాక్టరు ఇంకో ఏడాది చూద్దాంలే అనుకోవాలన్నమాట! ఈ తెలివికి మెచ్చుకోవాల్సిందే.

కానీ 2011లో రాష్ట్ర బడ్జెట్‌కి కష్టం రాగానే మొదట కత్తిరించిన పద్దుల్లో ఇదీ ఒకటి. పొగాకు పన్ను వస్తూనే ఉంది, డాక్టర్ల పథకానికి మాత్రం చాలా తక్కువ ఇచ్చారు. ఆ తర్వాత మళ్లీ పెంచారనుకోండి. అయినా 'ఇస్తారో లేదో' అన్న అనుమానం మీద ఎవరు ఊరు మారతారు?

కాలిఫోర్నియాదీ పొగాకు బాటే. 2016లో ఓటర్లు ఆమోదించిన సిగరెట్ పన్నుతో 'కాల్‌హెల్త్‌కేర్స్' పథకం పెట్టారు. ఒక్కో డాక్టరుకు 3 లక్షల డాలర్ల దాకా! ఐదేళ్లపాటు తన రోగుల్లో కనీసం 30 శాతం మంది పేదల బీమా ఉన్నవాళ్లే అయ్యుండాలి. ఇక్కడ గమనించాల్సింది- ఏ ఊరన్నది కాదు, ఎవరికి వైద్యం చేస్తున్నారన్నదే షరతు. లాస్ ఏంజిలెస్ నడిబొడ్డున కూర్చున్నా పేదల్ని చూస్తే చాలు. నగరాల్లోనూ పేదలకు డాక్టరు దొరకని చోట ఇది తెలివైన పనే. కొండల్లో ఉన్న ఊరికి మాత్రం దీనివల్ల ఒరిగేది తక్కువ.

గడువు తీరాక?

అసలు ప్రశ్న ఇదే. అప్పు తీరిన మర్నాడు డాక్టరు ఉంటాడా, వెళ్లిపోతాడా?

దీనిమీద పరిశోధనలు బాగానే జరిగాయి. 1992లో డొనాల్డ్ పాత్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనం చేదు నిజమే చెప్పింది. స్కాలర్‌షిప్ తీసుకుని పల్లెలకు వెళ్లినవాళ్లలో ఏళ్ల తర్వాత కూడా అదే ఊళ్లో మిగిలినవాళ్లు... సొంతంగా ఇష్టపడి వచ్చిన డాక్టర్లతో పోలిస్తే చాలా తక్కువ. 2009లో ఇద్దరు పరిశోధకులు ఇలాంటి 43 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి చూశారు. అక్కడా అదే తేలింది. మొదట వేసిన ఊళ్లో ఉండిపోయేవాళ్లు తక్కువ. అయితే ఇంకోటి కూడా తేలింది- ఈ పథకాల్లో పనిచేసినవాళ్లు ఆ ఊరు వదిలినా, మరో కొరత ఊళ్లో పనిచేసే అవకాశం మామూలు డాక్టర్లకంటే ఎక్కువ. దేశం లెక్కలో చూస్తే అది లాభమే. డాక్టరు వెళ్లిపోయిన ఊరి లెక్కలో మాత్రం... మళ్లీ మొదటికొచ్చినట్టే. కొత్త డాక్టరు వస్తాడు, మందులన్నీ మళ్లీ చూస్తాడు, పాత కథంతా మళ్లీ చెప్పుకోవాలి. షుగరుతో పదేళ్లుగా తంటాలు పడుతున్న ముసలమ్మకు మూడేళ్లకో డాక్టరంటే ఎంత నరకమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పాత్‌మన్ బృందమే 2004లో రాష్ట్రాల పథకాలను పోల్చి చూసింది. 'ముందే అప్పిస్తాం, చదివాక వచ్చి పనిచేస్తే మాఫీ' అన్న పథకాల్లో మాట నిలబెట్టుకున్నవాళ్లు సగంకంటే తక్కువ. మిగతావాళ్లు డబ్బు కట్టేసి చేతులు దులుపుకున్నారు. అదే చదువయ్యాక అప్పు తీర్చే పథకాల్లో చేరినవాళ్లలో అత్యధికులు గడువు పూర్తిచేశారు. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. ఇరవై రెండేళ్లప్పుడు సంతకం పెట్టిన పిల్లాడికి తాను ఏ డాక్టరవుతాడో, ఎవర్ని పెళ్లాడతాడో తెలీదు. ముప్ఫై ఏళ్లప్పుడు సంతకం పెట్టేవాడు ఊరు చూసి, ఇల్లు చూసి, పెళ్లాన్ని అడిగి మరీ పెడతాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2010లో దేశాలకిచ్చిన సిఫార్సుల్లో డబ్బొక్కటే చాలదంది. పల్లెల్లో పుట్టి పెరిగిన పిల్లలకు వైద్యవిద్యలో చోటివ్వడం, చదువుకునేటప్పుడే పల్లెల్లో శిక్షణ ఇవ్వడం, ఉండటానికి మంచి ఇల్లు, కుటుంబానికి సౌకర్యాలు... ఇవన్నీ కలిస్తేనే అని చెప్పింది. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల 1974 నుంచే పల్లె పిల్లల్ని ఏరికోరి చేర్చుకునే కార్యక్రమం నడిపింది. వాళ్లలో పల్లెల్లోనే స్థిరపడినవాళ్లు మిగతా విద్యార్థులకంటే ఎన్నోరెట్లు ఎక్కువ. ఏ ఊరి పిల్లాడికి ఆ ఊరి గాలి పడుతుంది మరి!

మన దగ్గర మాత్రం...

మనకూ పల్లెల్లో డాక్టర్ల కొరత కొత్త కాదు. మన పద్ధతే వేరు. ఇక్కడ బాండు. 'సీటు తీసుకున్నావు కాబట్టి ఇన్నాళ్లు సర్కారు దవాఖానాలో చెయ్యి, లేదంటే ఇన్ని లక్షలు కట్టు' అంటాం. ఏడాది గ్రామీణ సేవ తప్పనిసరి అన్నందుకు 2014లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు వారాల తరబడి సమ్మె చేశారు. 'సేవకు మేం వ్యతిరేకం కాదు, సౌకర్యాలేవీ? పర్మినెంటు ఉద్యోగాలేవీ?' అన్నది వాళ్ల వాదన. బాండ్లు చెల్లుతాయని సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో తేల్చింది.

మన దగ్గరున్న మరో ఎర పీజీ సీటు. పీహెచ్‌సీల్లో పనిచేసే ప్రభుత్వ వైద్యులకు పీజీలో ఇన్‌సర్వీస్ కోటా. ఇలా సీట్లు కేటాయించుకునే అధికారం రాష్ట్రాలకుందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికా డాక్టరుకి అప్పు ఎంతో, మన ఎంబీబీఎస్‌కి పీజీ సీటు అంత. అందుకోసం మన్యంలోనైనా ఉంటాడు. సీటొచ్చాక స్పెషలిస్టయి పట్నం ఆస్పత్రికి పోతాడు. అక్కడ పీహెచ్‌సీ కుర్చీ మళ్లీ ఖాళీ.

అప్పు తీర్చే పథకం మనకు సరిపోతుందా? కన్వీనర్ కోటాలో ప్రభుత్వ కాలేజీలో చదివినవాళ్లకు తీర్చాల్సినంత అప్పేం ఉండదు. బి కేటగిరీలోనో, ఎన్నారై కోటాలోనో చేరినవాళ్ల సంగతి వేరు. అక్కడ పొలాలు అమ్మిన నాన్నలున్నారు, బ్యాంకు రుణాలున్నాయి. అయితే ఆ లక్షల భారాన్ని ప్రజల పన్నులతో తీరిస్తే, అంత ఫీజు వసూలు చేసిన కాలేజీకి ప్రభుత్వం వంత పాడినట్టు కాదా అన్న ప్రశ్నా వస్తుంది. అమెరికాలోనూ ఈ విమర్శ ఉంది. ఫీజులు పెంచేది కాలేజీలు, అప్పు తీర్చేది సర్కారు అని.

ఇతర దేశాలూ ఇటే చూస్తున్నాయి. కెనడా 2013 నుంచి పల్లెల్లో పనిచేసే ఫ్యామిలీ డాక్టర్లకు, నర్సులకు చదువు రుణం మాఫీ చేస్తోంది. ఆస్ట్రేలియా 2022 నుంచి మొదలుపెట్టింది.

అమెరికాలో మాత్రం లెక్కలు మళ్లీ మారుతున్నాయి. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా వైద్యవిద్యలో చేరేవాళ్లకు ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేల డాలర్లకు, మొత్తమ్మీద 2 లక్షలకు మించి ఇవ్వరు. అప్పుల భారం తగ్గి పల్లె ఉద్యోగాల వైపు చూస్తారని కొందరంటున్నారు. మిగతా డబ్బుకి ఎక్కువ వడ్డీతో ప్రైవేటు అప్పులు చేస్తారనీ, ఉన్నవాళ్ల పిల్లలే డాక్టర్లవుతారనీ, పల్లె పిల్లలు అసలు దరఖాస్తే చేయరనీ మరికొందరంటున్నారు. ఈ కొత్త నిబంధనల కింద మొదట చేరే విద్యార్థులు నాలుగేళ్ల ఎండీ పూర్తిచేసేది 2030లో. ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ ముగించి, ఏ ఊరికి వెళ్లాలో తేల్చుకోవాల్సింది 2033లో.